కోళ్ళ నీళ్ళ కింద పెట్టే హీటర్ పళ్ళెం: నాలుగు చలికాలాలు వాడాక

2025 మార్చిలో అమెరికాలో గుడ్ల సగటు ధర డజనుకి 6 డాలర్లు దాటింది కదా, ఆ దెబ్బకి డాలస్‌కి ఉత్తరాన మా చుట్టుపక్కల తెలుగువాళ్ళ పెరళ్ళలో ఏడెనిమిది కొత్త కోళ్ళ గూళ్ళు లేచాయి. అప్పుడు తెచ్చిన పిల్లలు ఇప్పుడు పెట్టలయ్యాయి. వాటికిదే మొదటి చలికాలం. రోజుకొకరు ఫోన్ చేసి "అక్కా, గూట్లో హీటర్ పెట్టమంటావా?" అని అడుగుతున్నారు. గూట్లో వద్దమ్మా, నీళ్ళ కింద పెట్టండి అంటున్నాను. అలా ఎందుకంటున్నానో, నేను వాడేది ఎలాంటిదో, అందులో లోపాలేమిటో ఒక్కసారే రాసేస్తే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను.

నా దగ్గరున్నది రేకు నీళ్ళ డబ్బా కింద పెట్టే గుండ్రటి ఇనప పళ్ళెం. 125 వాట్లు. వెడల్పు 16 అంగుళాలు. చూడ్డానికి పెద్ద అట్లపెనం బోర్లించినట్టుంటుంది. లోపల వేడెక్కే తీగ, ఒక థర్మోస్టాట్ ఉంటాయి. చలి 35 ఫారెన్‌హీట్‌కి, అంటే సుమారు 2 సెల్సియస్‌కి దిగగానే దానంతటదే ఆన్ అవుతుంది. దాని మీద 3 గ్యాలన్ల జింకు పూత డబ్బా పెడతాను. 2021 అక్టోబరులో పశువుల దాణా అమ్మే దుకాణంలో కొన్నాను. యాభై డాలర్ల పైచిలుకు అయింది. ఆ డబ్బు పెట్టడానికి నాకు ఒక్క క్షణం కూడా మనసు వెనకాడలేదు. ఎందుకంటే అంతకుముందు ఫిబ్రవరిలో నేను చూసింది చూశాను.

2021 ఫిబ్రవరి 14 ఆదివారం మంచు మొదలైంది. సోమవారం తెల్లవారుజామున కరెంటు పోయింది. టెక్సస్‌లో 45 లక్షలకి పైగా ఇళ్ళకి, దుకాణాలకి అలాగే పోయింది. మంగళవారం పొద్దున డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్. 1949 తర్వాత ఇక్కడ అంత చలి లేదు. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలోనే ఆ తుపానుకి 246 మంది చనిపోయారు. అలాంటి వారంలో కోళ్ళ గురించి ఏడ్చాను అని చెప్పడానికి ఇప్పటికీ మొహమాటంగానే ఉంటుంది. కానీ ఏడ్చాను. ఆ ఆరు పెట్టలూ నా చేతుల్లో పెరిగినవి. మా నాన్నగారు కోళ్ళని రంగు పేర్లతో పిలిచేవారు, నేనూ అలాగే పెట్టుకున్నాను: నల్ల ఆస్ట్రలార్ప్‌లు పెద్దకాకి, చిన్నకాకి, ఎర్ర రోడ్ ఐలాండ్‌లు రెండు డేగలు, బూడిద రంగు చుక్కల వాయన్‌డాట్ మైల, తెల్ల లెగార్న్ సేతు.

ఆ వారం నేను రెండు తప్పులు చేశాను. మొదటిది శనివారం రాత్రి. భయపడి 250 వాట్ల ఎర్ర దీపం తెచ్చి, క్లిప్పుతో గూటి దూలానికి తగిలించాను. ఆదివారం పొద్దున తలుపు తీస్తే కమురు వాసన. ఏదో కోడి రెక్క తగిలి క్లిప్పు జారినట్టుంది, దీపం వంకరగా వేలాడుతోంది. దాని కింద చెక్కపొట్టు అరచేతి మేర గోధుమ రంగుకి మాడి ఉంది. ఇంకో గంట ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించుకోలేను. ఎండిన పొట్టు, ఈకల దుమ్ము, చెక్క గోడలు, పైన నిప్పులాంటి దీపం. ఈ దేశంలో చలికాలం గూళ్ళు తగలబడటానికి ఈ దీపాలు పెద్ద కారణం. దయచేసి కొనకండి. పది డాలర్లకే వస్తుంది కదా అనుకోకండి.

రెండో తప్పు అంతకన్నా పెద్దది, అది తప్పని అప్పుడు నాకు తెలియను కూడా తెలియదు. దీపం తీసేశాక చలి లోపలికి రాకూడదని గూటి పైభాగంలో ఉన్న గాలి కంతలన్నీ ప్లాస్టిక్ పట్టాతో మూసి టేపు వేశాను. ఒక్క సందు వదల్లేదు. మంగళవారం పొద్దున చూస్తే గూటి కప్పు లోపలివైపంతా తెల్లగా మంచు పట్టి ఉంది. అది బయటి మంచు కాదు. కోళ్ళు వదిలిన ఊపిరి, రెట్టల్లోని తడి పైకి వెళ్ళి కప్పుకి గడ్డకట్టింది. కోడి రెట్టలో ముప్పాతిక వంతు నీళ్ళే. ఆరు కోళ్ళు పద్నాలుగు గంటలు మూసిన పెట్టెలో కూర్చుంటే ఎంత తడి! ముక్కు మండేలా అమ్మోనియా. సేతు నెత్తిమీది ఎర్ర జుట్టు కొసలు పాలిపోయి బూడిద రంగుకి తిరిగాయి. రెండు రోజుల్లో నల్లబడ్డాయి.

గురువారం కరెంటు నిలబడ్డాక, ఏలూరు దగ్గర మా ఊళ్ళో ఉన్న అమ్మకి వీడియో కాల్ చేసి గూడు చూపించాను. అమ్మ జీవితంలో మంచు చూడలేదు. అయినా చూసీ చూడగానే అంది, "ఏమే, గంపకి సందులెందుకుంటాయనుకున్నావు? కోడికి ఊపిరాడొద్దూ?" అంతే. ఆ మాటతో టేపంతా పీకేశాను.

కోడి ఒంటి వేడి మామూలుగానే 41 సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఈకలు ఉబ్బించి, మధ్యలో గాలి పట్టి ఉంచుకుని, పక్కపక్కన ఒదిగి కూర్చుంటే పొడి చలిని బాగానే తట్టుకుంటుంది. తడి చలినే తట్టుకోలేదు. అందుకని గాలి కంతలు కోడి తలకన్నా పైన ఉండాలి. తడి గాలి పైనుంచి పోవాలి, ఈదర కింద తగలకూడదు. నేను కప్పు కింద రెండు వైపులా కోసి, అర అంగుళం ఇనప వల కొట్టించాను. కూర్చునే కర్ర కూడా మార్చాను. గుండ్రటి కర్ర తీసేసి, నాలుగంగుళాల బద్దని వెడల్పు వైపు పైకి పెట్టాను. దాని మీద కూర్చుంటే కోడి వేళ్ళు పూర్తిగా రొమ్ము ఈకల కింద దాక్కుంటాయి. గూట్లో వేడి కోసం నేను చేసేది ఇంతే.

ఇక మిగిలింది నీళ్ళు. ఆ నాలుగు రోజులూ నన్ను నిజంగా హింసించింది నీళ్ళే. మాకు గ్యాస్ పొయ్యి ఉంది కాబట్టి అగ్గిపుల్లతో వెలిగించి, గోరువెచ్చని నీళ్ళు గిన్నెలో పట్టుకెళ్ళేదాన్ని. అరగంటలో పైన పొర కట్టేది, గంటన్నరకి గడ్డే. చేతి తొడుగులు తడిసి బిగుసుకుపోయేవి. నీళ్ళు లేకపోతే కోడి గింజ ముట్టదు. గింజ కడుపులో పడకపోతే రాత్రికి ఒంట్లో వేడి పుట్టదు. ఈ సంగతి తెలిశాక, సాయంత్రం గూటికి చేరే ముందు గుప్పెడు విరిచిన మొక్కజొన్నలు, పక్కనే గడ్డకట్టని నీళ్ళు, ఈ రెండూ లేకుండా నేను తలుపు వేయను.

అందుకే ఆ పళ్ళెం. నాలుగు చలికాలాల్లో దానికి గట్టి పరీక్ష 2024 జనవరి మధ్యలో వచ్చింది. మా దగ్గర 11 ఫారెన్‌హీట్ వరకు పడింది, మైనస్ 12 సెల్సియస్ అనుకోండి. ఉత్తరపు గాలి. పొద్దున ఆరున్నరకి టార్చి వేసి చూస్తే కోళ్ళు తాగే గాడి చుట్టూ నీళ్ళు కదులుతున్నాయి. గాలి తగిలే వైపు మాత్రం అంచున పల్చటి పొర. వేలితో తాకితే విరిగిపోయింది. 15 ఫారెన్‌హీట్ దాకా ఆ పొర కూడా ఉండదు. నీళ్ళు వెచ్చగా ఉంటాయనుకోకండి, చల్లగానే ఉంటాయి, గడ్డకట్టవు. అంతే కావాలి. దాని కిందటి ఏడు, 2023 జనవరి 31 నుంచి మూడు రోజులు మంచు వాన పడి ఊరంతా గాజుపూత పూసినట్టయినప్పుడు కూడా నేను వేడినీళ్ళ గిన్నె ఎత్తాల్సిన పని పడలేదు, ఒక్క పూట తప్ప. ఆ పూట సంగతి కింద చెప్తాను.

ఖర్చు చూస్తే, రోజంతా ఆగకుండా వెలిగినా 3 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లు వేసుకుంటే రోజుకి 45 సెంట్లు. మా దగ్గర ఏడాదిలో అలా వెలిగేది ఏ పాతిక రోజులో.

లోపాలు ఉన్నాయి. తీగ ఆరడుగులే. గోడ ప్లగ్గు నుంచి కోళ్ళ దొడ్డికి అది ఎవరికీ చాలదు. బయట వాడే మందపాటి ఎక్స్‌టెన్షన్ కొనాల్సిందే. ఇందాక చెప్పిన ఆ పూట జరిగింది ఇదే: రెండు తీగలు కలిసే చోటు నేల మీదే వదిలేశాను. మంచు వాన నీళ్ళు దిగి, గోడ ప్లగ్గులో తడి తగిలితే కరెంటు ఆపేసే భద్రత బటన్ (GFCI) పడిపోయింది. పొద్దున చూస్తే డబ్బా మొత్తం గడ్డ. అప్పటి నుంచి ఆ కలిసే చోటుని మూత బిగిసే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, కంచెకి మోకాలెత్తున కడుతున్నాను. ఆ బటన్ లేని ప్లగ్గుకి మాత్రం ఈ పళ్ళెం తగిలించకండి.

ఇంకోటి, ఇది పనిచేస్తోందో లేదో చలి వచ్చేదాకా తెలియదు. చిన్న లైటు కూడా పెట్టలేదు తయారీవాళ్ళు. అది నాకు నచ్చలేదు. నేను నవంబరు మొదటి వారంలో పళ్ళెం మీద ఐసు ముక్కల సంచి ఒకటి అరగంట పెట్టి, వాట్లు చూపించే చిన్న మీటరు మధ్యలో తగిలించి చూస్తాను. 120 పైన చూపిస్తే బతికే ఉంది. ఈ ఏడు 122 చూపించింది. అంచున రంగు లేచి తుప్పు మొదలైంది కాబట్టి ఇంకెన్నాళ్ళో చెప్పలేను.

రేకు డబ్బాకే ఇది. మామూలు ప్లాస్టిక్ డబ్బా దీని మీద పెట్టకండి. కొందరు నీళ్ళలో యాపిల్ వెనిగర్ కలుపుతారు. జింకు పూత డబ్బాలో అది వద్దు, పూతని తినేస్తుంది. డబ్బాని పడుకునే గూట్లో పెట్టొద్దు, అక్కడ మళ్ళీ తడే. కోడి చీకట్లో నీళ్ళు తాగదు. బయట దొడ్డిలో, కప్పు కింద, ఉత్తరం పడమర వైపులు మాత్రమే ప్లాస్టిక్ పట్టా కట్టి, పట్టా పైన జానెడు ఖాళీ వదిలి, ఆ మూలన పెట్టండి. గాలి తగలకపోతే పళ్ళెం పని సగం తేలికవుతుంది.

అసలు లోపం మీకిప్పటికే తట్టి ఉంటుంది. 2021లాగా కరెంటు పోతే ఇది ఉత్త ఇనప పళ్ళెం. బ్యాటరీ పెట్టెతో నడుపుదామని మావారు లెక్క వేశారు. 500 వాట్-అవర్ల పెట్టె నాలుగు గంటలు కూడా రాదు. ఆ బ్యాటరీ ఇంట్లో పిల్లలకి ఉంచుకోండి. కోళ్ళకి నేను పెట్టుకున్నవి రెండు నల్ల రబ్బరు తొట్లు, ఒక్కోటి పది డాలర్ల లోపే. ఒకటి బయట, ఒకటి ఇంట్లో స్టవ్ పక్కన. బయటిది గడ్డకట్టగానే బోర్లించి కాలితో తొక్కితే గడ్డ ఒక్క ముక్కగా ఊడి వస్తుంది, తొట్టి పగలదు. ఇంట్లోది నింపి అక్కడ పెట్టేస్తాను. పగటి పూట రెండు గంటలకోసారి మారిస్తే చాలు. ఆ నాలుగు రోజుల్లో నా దగ్గర ఇవి ఉండి ఉంటే సగం కష్టం తప్పేది. పళ్ళెం కొనే ప్రతివాళ్ళూ ఇవి కూడా కొనాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు తొట్లే కొనండి, పళ్ళెం వచ్చే ఏడు చూసుకోవచ్చు.

కోళ్ళు నాలుగో ఐదో ఉండి, ఇంట్లో రోజంతా ఎవరో ఒకరు ఉండేవాళ్ళకి నిజానికి పళ్ళెం అక్కర్లేదు. ఇద్దరూ పొద్దున ఏడింటికి ఆఫీసుకి పోయి సాయంత్రం ఆరింటికి వచ్చే ఇళ్ళకి మాత్రం తప్పక కొనమంటాను. గోడకి బిగించే చదును హీటర్ల గురించి కూడా అడుగుతున్నారు. దీపం కన్నా అవి నయమే. నా దగ్గర ఒకటుంది, దాన్ని గూట్లో పెట్టను. ఒంట్లో బాలేని కోడిని గరాజ్‌లో విడిగా ఉంచినప్పుడు మాత్రం వాడతాను.

ఐదుకి నాలుగు చుక్కలు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఆ పొట్టి తీగకి, లేని లైటుకి.

సేతు ఇంకా ఉంది. గుడ్లు మానేసి ఏడాది దాటింది. నల్లబడ్డ జుట్టు కొసలు ఆ ఏడు ఏప్రిల్లో వాటంతటవే రాలిపోయాయి. గిల్లొద్దు, రుద్దొద్దు అంటే ముట్టుకోకుండా వదిలేశాను. ఇప్పుడు రంపపు పళ్ళలా ఉండాల్సిన చోట మొండిగా, నున్నగా ఉంటుంది. నిన్న పొద్దున మొదటి మంచు తెల్లగా పట్టింది. తలుపు తీయగానే అన్నిటికన్నా ముందు అదే నీళ్ళ దగ్గరికి నడిచింది.