నోడ్-రెడ్‌తో నాలుగేళ్లు: మా మౌల్డింగ్ షెడ్డు అనుభవం

హైదరాబాద్ జీడిమెట్లలో మాది పన్నెండు ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషీన్ల (ప్లాస్టిక్‌ను కరిగించి అచ్చులో పోసి పీసులు తీసేవి) షెడ్డు. మెయింటెనెన్స్ నేనే చూస్తాను. మెషీన్ల లెక్కలు నేరుగా కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడానికి నాలుగేళ్లుగా నోడ్-రెడ్ వాడుతున్నాం. 2013లో ఐబీఎంలో పుట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, లైసెన్సు ఖర్చు లేదు. స్క్రీన్ మీద డబ్బాలను గీతలతో కలుపుకుంటూ పోతే ప్రోగ్రాం తయారవుతుంది. జావాస్క్రిప్ట్ కాస్త వస్తే ఇంకా మంచిది.

మొదటి రెండు నెలలూ తలనొప్పే, కానీ తప్పంతా మా వైరింగుదీ సెట్టింగులదీ. ఎనర్జీ మీటర్లను ఆర్‌ఎస్-485 అనే డేటా కేబుల్ మీద, మెషీన్లు మాట్లాడుకునే మోడ్‌బస్ అనే పద్ధతితో చదివించాం. ఓల్టేజి 415 దగ్గర ఉండాల్సిన చోట అర్థంలేని అంకెలు వచ్చాయి. ఒక్కో రీడింగును రెండు ముక్కలుగా దాచే రిజిస్టర్ల (మీటరు మెమరీ గళ్ల) వరస తారుమారైందని తేలడానికి మూడు రోజులు పట్టింది. మీటరు పుస్తకంలో రిజిస్టరు నంబరు 40001 అని ఉంటే ఇక్కడ 0 అని ఇవ్వాలన్నదీ అప్పుడే తెలిసింది. ఆ తర్వాత పెద్ద మోటార్లు నడిచినప్పుడల్లా రీడింగులు ఆగిపోయేవి. మోటార్ల వేగాన్ని మార్చే డ్రైవ్‌ల పవర్ కేబుల్ పక్కనే మా డేటా కేబుల్ వేశాం మరి. షీల్డెడ్ కేబుల్ (పక్క లైన్ల గోల తగలకుండా లోహపు తొడుగున్నది) వేరే దారిలో లాగి, లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టాక కుదుటపడింది.

దీని అసలు విలువ మెషీన్ ఆగిన టైము లెక్కల్లో తెలిసింది. లాగ్‌బుక్‌లో రోజూ 'బ్రేక్‌డౌన్ లేదు' అనే ఉండేది. పీసులు మాత్రం తగ్గేవి, మాట ఆపరేటర్లు పడేవాళ్లు. ఇప్పుడు మౌల్డ్ మూసుకున్న ప్రతిసారీ సెన్సర్ సిగ్నల్ ఇస్తుంది. గ్యాప్ పెరిగితే స్క్రీన్ కారణం అడుగుతుంది: మెటీరియల్ లేదు, మౌల్డ్ మార్పు, పీసు ఇరుక్కుంది, కరెంటు పోయింది. మా దగ్గర సగంమంది ఒడిశా, బిహార్ వాళ్లు కాబట్టి బటన్లు హిందీలోనూ పెట్టాం. అయినా మొదట ఎవరూ నొక్కలేదు, తమ తప్పులు పట్టుకోవడానికే అనుకున్నారు. నేనూ సూపర్‌వైజరూ వారం పాటు మెషీన్ల దగ్గరే నిలబడి నొక్కాం. అన్నిటికంటే ఎక్కువ టైము మింగింది మెటీరియల్ కోసం ఎదురుచూడటం. అంటే లోపం మా ప్లానింగ్‌ది. ఆ లెక్క ప్రింట్ తీసి షెడ్డులోనే అతికించాం. "సార్, ఇది మేం ఎప్పటినుంచో చెప్తున్నదే కదా" అన్నాడు ఒక పాత ఆపరేటర్. ఆ వారం నుంచి వాళ్లే నొక్కుతున్నారు.

పెట్టుకునేవాళ్లకు మూడు మాటలు. ఇన్‌స్టాల్ చేయగానే దీనికి పాస్‌వర్డ్ ఉండదు, ముందు అది పెట్టండి. చిన్న బోర్డు కంప్యూటర్‌లో నడిపితే మెమరీ కార్డును నమ్మకండి. కరెంటు పోయి మాది ఒకసారి పాడైంది, నెల డేటా పోయింది. కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ డిస్కు, చిన్న యూపీఎస్ తప్పనిసరి. ఎమర్జెన్సీ స్టాప్, గార్డు ఇంటర్‌లాకులు (మెషీన్ తలుపు తెరిస్తే ఆపేసేవి) మాత్రం దీని చేతికి ఇవ్వనే వద్దు. మనుషుల చేతులతో ముడిపడిన పని అది, దానికి విడిగా సేఫ్టీ సర్క్యూటే ఉండాలి.

ఈ నెల రెండో షెడ్డుకు కేబుల్ లాగుతున్నాం. ఈసారి మొదటి రోజే డేటా కేబుల్ ట్రేను పవర్ కేబుల్‌కు వేరుగా వేయించాను.