120 కార్డులు: బొమ్మలు వచ్చాయి, పదాలు రాలేదు

హనుమకొండ చౌరస్తా దగ్గర పుస్తకాల షాపుకి జూన్‌లో అట్టలు, లేబుళ్ళు కొనడానికి పోయి, కౌంటర్ మీద మెరుస్తుంటే ఈ ఫ్లాష్ కార్డుల డబ్బా కూడా తెచ్చుకున్నాను. రేటు 350, బేరమాడితే 300కి ఇచ్చాడు. ఇంగ్లిష్‌లో మాటిమాటికీ వచ్చే పదాలు, పక్కనే రంగుల బొమ్మ, మొత్తం 120. మా పాప ఒకటో తరగతి, ఏబీసీడీలు వచ్చు, పదం కనబడితే మాత్రం నోరు తెరవదు.

వారం తిరిగేసరికి 40 కార్డులు గడగడా చెప్పేసింది. మా ఆయన వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు కూడా. అత్తమ్మ మాత్రం చిక్కుడుకాయలు తుంచుకుంటూ కాసేపు చూసి, "పోరి అక్షరాల దిక్కు చూస్తనే లేదు, బొమ్మను చూసి చెప్తున్నది" అన్నది. నాకు కొంచెం కోపం వచ్చింది. సరే చూద్దామని 'జంప్' కార్డు తీసి కప్ప బొమ్మ మీద బొటనవేలు పెట్టి అడిగాను. పాప పదం వైపు కాదు, నా మొహం వైపు చూసింది. వేలు తీశాను, వెంటనే "జంప్!" 'బిగ్' కార్డులో ఏనుగును మూస్తే అదే కథ. 40లో బొమ్మ లేకుండా చదివినవి ఆరు.

'ద' కార్డు అయితే మరీ. ఆ పదానికి ఏం బొమ్మ వేస్తారు పాపం, చూపుడువేలు వేశారు. పాప "ఫింగర్" అంది, ఆమె తప్పేముంది? 'వాజ్'కి క్యాలెండర్ వేశారు, అంటే నిన్న అని అర్థం చేసుకోవాలట.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 1936లో ఎడ్వర్డ్ డాల్చ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ పిల్లల పుస్తకాల్లో ఎక్కువగా వచ్చే 220 పదాలు ఏరి పెట్టారు, ఇప్పటికీ చాలామంది ఆ జాబితానే వాడతారు. అందులో ఒక్క నామవాచకం లేదు, వాటిని 95 వేరేగా ఇచ్చారు. అంటే పిల్లలు తడబడేవి చాలావరకు బొమ్మకు దొరకని పదాలే. ఈ డబ్బా వాళ్ళు మాత్రం బొమ్మ వేయడం సులువని యాపిల్, బాల్, క్యాట్ లాంటివి 35 దాకా దూర్చి లెక్క 120 చేశారు. పక్కన బొమ్మ ఉంటే పిల్లల చూపు పదం మీద నిలవదని 1967లోనే శామ్యూల్స్ అనే ఆయన పరీక్ష పెట్టి చూపించారు, ఒట్టి పదంతో నేర్చుకున్న పిల్లలే తర్వాత బాగా చదివారట. ఇది చదివి వినిపిస్తే అత్తమ్మ "గదే కదా నేను చెప్పింది" అని మళ్ళీ చిక్కుడుకాయల మీద పడింది.

అన్నీ పనికిరానివి కాదు, అది కూడా చెప్పాలి. బొమ్మ పక్కన కాకుండా అక్షరాల్లోనే ఉన్న కార్డులు పది దాకా ఉన్నాయి, అవి బంగారం. 'బెడ్'లో బి నిలువు గీత తలవైపు, డి నిలువు గీత కాళ్ళవైపు, మధ్యలో 'ఈ' అక్షరం మీద పిల్ల పడుకుని ఉంటుంది. మా పాప బి, డి తారుమారు చేసేది, ఇప్పుడు రాసేముందు రెండు పిడికిళ్ళు కలిపి బొటనవేళ్ళు పైకెత్తి మంచం చేసుకుంటుంది. 'టాల్'లో చివరి రెండు ఎల్‌లు జిరాఫీ మెడల్లా సాగుతాయి. 'లుక్'లో రెండు ఓలు కళ్ళు. అది బాగుందని 'సీ'లో రెండు ఈలకూ కళ్ళే పెట్టారు, దాంతో పాపకు రెండూ 'లుక్'లే.

తెలుగు చదివే పిల్లకు ఇంకో తంటా. గుణింతం వస్తే రాసింది రాసినట్టు చదువుతాం కదా, అలాగే 'సెడ్'ని ఎస్, ఏ, ఐ, డి చూసి "సాయిద్" అంది. దీని కార్డులో పిల్లవాడు నోరు తెరిచి ఉన్నాడు, "షౌట్" అనుకుంది. నేనే ఒట్టి అట్టముక్క మీద రాసి, మొండికేసే ఏ, ఐ కింద మాత్రం ఎర్ర స్కెచ్‌పెన్‌తో గుండె బొమ్మ గీశాను. ఎస్, డి ఎప్పటిలాగే పలుకుతాయి, గుండె ఉన్న ముక్క ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి. మూడు రోజులు పట్టింది, ఇప్పుడు పుస్తకంలో ఎక్కడ కనబడ్డా చదువుతుంది.

అట్ట మందమే, మూలలు గుండ్రంగా ఉన్నాయి. ట్యూబ్‌లైట్ కింద పెడితే మెరుపుకి సగం పదం కనబడదు. చిన్న 'ఏ' అక్షరం నెత్తిన వంకీ ఉన్న అచ్చులో ఉంది, బళ్ళో రాయించేది గుండ్రంది, అదేంటని రెండు రోజులు అడిగింది.

మా వదిన పరకాల దగ్గర సర్కారు బళ్ళో టీచర్, 2022-23 నుంచి అక్కడా ఒకటో తరగతి ఇంగ్లిష్ మీడియమే. తీసుకుపొమ్మని డబ్బా ఇస్తే ఆ పది కార్డులు ఏరుకుని మిగతావి వాపసు ఇచ్చింది. షాపులో అడిగితే సీల్ తీశాక తీసుకోం మేడం అన్నాడు.

ఐదుకి రెండు స్టార్లు, అవి ఆ పది కార్డులకే. మిగతావాటిని మొన్న ఆదివారం కత్తెరతో రెండు ముక్కలు చేశాం. కప్పలు, ఏనుగులు పాప బీరువా తలుపు మీద అంటించుకుంది, పదాలు రబ్బర్‌బ్యాండ్ వేసి నా దగ్గర ఉన్నాయి, రోజుకు మూడు తీస్తున్నాం.