కల్లోడెన్ దాకా సీరియల్, ఆ తర్వాత పుస్తకం

‘ఔట్‌లాండర్’ చదవాలా, చూడాలా? గచ్చిబౌలిలో మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఎవరో ఒకరు రెండు సీజన్లు చూసేసి వచ్చి, “పుస్తకం ఇంకా బాగుంటుందట కదా” అంటారు. పుస్తకాలేమో తొమ్మిది, మొదటిదే పేపర్‌బ్యాక్‌లో ఎనిమిది వందల పేజీలు దాటుతుంది. సీరియల్ ఎనిమిది సీజన్లు. రెండూ పూర్తిచేసే ఓపిక అందరికీ ఉండదు కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తాను. మొదటి రెండు పుస్తకాల కథకి సీరియల్ సరిపోతుంది, కొన్ని చోట్ల పుస్తకం కంటే మేలు కూడా. మూడో పుస్తకం నుంచి మాత్రం చదవాల్సిందే. ఎందుకో చెప్పాలంటే కథ కొంత బయటపెట్టక తప్పదు, ముందే తెలిసిపోతే చిరాకుపడేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

కథ 1945లో మొదలవుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో నర్సుగా పనిచేసిన క్లెయిర్, భర్త ఫ్రాంక్‌తో కలిసి స్కాట్లాండ్‌లోని ఇన్వర్‌నెస్‌కి వస్తుంది. యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి విడివిడిగా ఉన్న మొగుడూపెళ్ళాలకి అది రెండో హనీమూన్. అక్కడ వలయంగా నిలబెట్టిన పాతకాలపు రాళ్ళలో ఒకదాన్ని ముట్టుకుని క్లెయిర్ 1743లోకి వెళ్ళి పడుతుంది. ఇంగ్లీషు సైన్యం చేతికి చిక్కకుండా ఉండడానికి జేమీ ఫ్రేజర్ అనే హైలాండ్ (స్కాట్లాండ్ కొండప్రాంతం) కుర్రాణ్ణి పెళ్ళిచేసుకోవాల్సి వస్తుంది. వయసులో తనకంటే చిన్నవాడు. తర్వాత అతన్నే ప్రేమిస్తుంది. ఇంకో మూడేళ్ళకి, 1746 ఏప్రిల్ 16న, కల్లోడెన్ మైదానంలో జరిగే యుద్ధంలో వీళ్ళందరి బతుకులూ తుడిచిపెట్టుకుపోతాయని ఆమెకి మాత్రమే తెలుసు. టెన్షనంతా అక్కడే.

రాసినావిడ డయానా గాబల్డన్, అరిజోనాలో ఉండే అమెరికన్. ఎకాలజీలో పీహెచ్‌డీ చేశారు. నవల ఎలా రాయాలో నేర్చుకుందామని 1988లో ప్రాక్టీసుగా మొదలుపెట్టారు. అప్పటికి స్కాట్లాండ్ చూడనే లేదు! మొదటి పుస్తకం 1991లో వచ్చింది. ఆ సైన్స్ చదువు ప్రతి పేజీలోనూ తెలుస్తుంది. ఏ ఆకు ఏ పుండుకి పనికొస్తుందో, తెగిన కండరాన్ని మత్తుమందు లేకుండా ఎలా కుట్టాలో చెప్పేటప్పుడు ఆవిడకి ఎక్కడలేని హుషారు వస్తుంది.

పుస్తకాలు కావాలంటే హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, లేదంటే కోఠి పాత పుస్తకాల షాపులు. చిక్కల్లా ఏమిటంటే ఇవి వరసగా దొరకవు. మూడోదీ ఐదోదీ కనిపిస్తాయి, రెండోది ఎంత వెతికినా ఉండదు. కోఠికి వెళ్ళినప్పుడు ఎదురుగా ఉన్న పాత రెసిడెన్సీ భవనాన్ని ఓసారి చూసి రండి. కథంతా జరిగాక కొన్ని దశాబ్దాలకి, కిర్క్‌పాట్రిక్ అనే ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు ఖైరున్నీసా బేగంని పెళ్ళాడి ఆ భవనం కట్టించాడు. శత్రువుగా చూడాల్సిన మనిషిని ప్రేమించడం, దానికి రాజకీయం అడ్డుపడడం మన ఊరి చరిత్రలోనూ ఉంది. సరే, అసలు విషయానికి వస్తాను.

మొదటి సీజన్‌కి ఎందుకు ఓటేస్తానంటే, ఫ్రాంక్ కోసం. మొదటి పుస్తకం మొత్తం క్లెయిర్ ‘నేను’ అంటూ చెప్పే కథ. ఆమె రాయి దాటి వెళ్ళిపోగానే ఫ్రాంక్ పాఠకుడికి కూడా కనుమరుగవుతాడు. అక్కడక్కడా ఆమె తలుచుకున్నప్పుడు తప్ప అతనొకడున్నాడనే మనం మర్చిపోతాం. 2014 ఆగస్టులో మొదలైన సీరియల్‌కి దాని రూపకర్త రొనాల్డ్ డి. మూర్ చేసిన మంచి పని ఈ మనిషిని మర్చిపోనివ్వకపోవడం. ఎనిమిదో ఎపిసోడ్‌లో కెమెరా తిరిగి 1945కి వెళ్తుంది. పెళ్ళాం కనిపించక పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతుంటాడు ఫ్రాంక్. ఆమె ఎవరితోనో లేచిపోయి ఉంటుందన్న మాట కూడా పడతాడు. అది చూశాక జేమీ, క్లెయిర్ల ప్రేమని హాయిగా ఆస్వాదించడం కుదరదు. ఒక మనిషి అక్కడ ఎదురుచూస్తున్నాడు.

పైగా ఫ్రాంక్‌నీ, అతని పూర్వీకుడైన క్రూరుడు బ్లాక్ జాక్ రాండల్‌నీ వేసింది ఒకే నటుడు, టొబయస్ మెంజీస్. ఇద్దరికీ పోలికలున్నాయని పుస్తకంలో క్లెయిర్ చెబుతుంది, మనం సరే అనుకుని ముందుకెళ్తాం. తెరమీద ఆ పని ముఖమే చేసేస్తుంది. కాసేపటి క్రితం భార్యని ప్రేమగా చూసిన కళ్ళే మరో కోటు తొడుక్కుని ఆమె మీదకి వస్తుంటే కడుపులో దేవేస్తుంది. ఎంత బాగా రాసినా వాక్యం అంత వేగంగా ఆ దెబ్బ కొట్టలేదు.

మరొకటి గేలిక్ భాష. హైలాండర్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు సీరియల్ కింద సబ్‌టైటిల్ వేయదు. క్లెయిర్‌కి అర్థం కాదు, మనకీ అర్థం కాదు. హాల్లో అందరూ తనవైపు చూసి నవ్వుతుంటే ఎందుకో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడాలి. జిల్లా నుంచి కొత్తగా దిగి, పాతబస్తీలో దక్కనీ ఉర్దూ మధ్య చిక్కుకున్న కుర్రాడి పరిస్థితే అది. కథలోని లియోక్ కోటగా చూపించింది స్కాట్లాండ్‌లోని నిజమైన డూన్ కోటని. ఆ చలి, బురద, రాతిగోడల తడి కోసం గాబల్డన్ పేజీలు ఖర్చుపెడితే, కెమెరా రెండు షాట్లలో తేల్చేసింది.

మొదటి సీజన్‌లో నాకు నచ్చనిది చివరి రెండు ఎపిసోడ్లు. జైల్లో జేమీ మీద రాండల్ చేసిన అత్యాచారాన్ని పుస్తకంలో మనం నేరుగా చూడం. తర్వాత, మఠంలో జ్వరంతో పడి ఉన్నప్పుడు, జేమీ నోటినుంచి ముక్కలు ముక్కలుగా వింటాం. ఆ వినడమే భరించలేం. సీరియల్ దాన్ని దాచకుండా, చాలాసేపు చూపిస్తుంది. నటన గొప్పదే, కాదనను. కానీ నేను ఫార్వర్డ్ చేశాను, చేసినందుకు బాధ కూడా లేదు.

ఇక్కడే ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఇది హాల్లో పెట్టుకుని చూసే సీరియల్ కాదు. పెళ్ళిరాత్రి ఎపిసోడ్ నడుస్తుండగా అమ్మ పూజగదిలోంచి బయటికొస్తే రిమోట్ చేతికి అందదు. అవే సన్నివేశాలు పుస్తకంలో ఇంకా వివరంగా ఉంటాయి. కానీ అట్ట మీద సాదా బొమ్మ, లోపల చిన్న అక్షరాలు. మెట్రోలో పక్కన కూర్చున్నాయన కూడా ఏదో హిస్టరీ చదువుతున్నారనుకుంటాడు.

రెండో పుస్తకం దగ్గర కొంచెం తటపటాయించాను. అది మొదలవడమే 1968లో. మొదటి పుస్తకం ముగించి పేజీ తిప్పితే క్లెయిర్ నడివయసు మనిషి, పక్కన ఎర్రజుట్టు కూతురు. జేమీ ఏమయ్యాడు? ఈ ఇరవై ఏళ్ళు ఎక్కడికి పోయాయి? అంత ధైర్యమైన ఎత్తుగడ సీరియల్ చేయలేదు. 1948లో మొదలుపెట్టి, 1968ని సీజన్ చివరికి నెట్టేసింది. ఎత్తుగడ వరకూ పుస్తకానిదే పైచేయి. కానీ మధ్యలో వచ్చే పారిస్ భాగం పుస్తకంలో సాగుతుంది. విందులు, కుట్రలు, మళ్ళీ విందులు. సీరియల్లో టెరీ డ్రెస్‌బాక్ కుట్టించిన బట్టలే సగం కథ చెప్పేస్తాయి కాబట్టి విసుగు తగ్గింది. ఆ సీజన్ పదకొండో ఎపిసోడ్ స్క్రిప్ట్ గాబల్డనే రాశారు. మొత్తమ్మీద సీరియల్ వైపే మొగ్గుతాను.

మూడో పుస్తకం ‘వోయేజర్’. కల్లోడెన్‌కి ముందే క్లెయిర్ తన కాలానికి తిరిగి వెళ్ళిపోతుంది, జేమీ ఆ యుద్ధంలో చచ్చిపోయాడనుకుంటుంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఇద్దరూ ఎడిన్‌బరోలో ఒక ప్రింటింగ్ షాపులో కలుస్తారు. ఆమెని చూడగానే జేమీ మూర్ఛపోతాడు. అభిమానులంతా ఈ సన్నివేశం కోసమే కాచుక్కూర్చున్నారని తెలిసే, ఆ ఎపిసోడ్‌ని మామూలు నిడివి దాటించి గంటా పావు చేశారు. బాగుంది కూడా. తేడా మాత్రం ఫొటోల దగ్గర కనిపిస్తుంది. జేమీ ఎప్పుడూ చూడని కూతురి ఫొటోలు క్లెయిర్ ఒక్కొక్కటిగా అతని ముందు పెడుతుంది. పసిగుడ్డు, బడిపిల్ల, ఎదిగిన అమ్మాయి. తెరమీద జేమీ కళ్ళు చెమ్మగిల్లుతాయి, తేరుకుంటాడు. పుస్తకంలో తేరుకోడు. భార్య భుజం మీద తలవాల్చి చప్పుడు లేకుండా కుప్పకూలిపోతాడు. ఇరవై ఏళ్ళు పోగొట్టుకున్న తండ్రి ఏడిస్తే అలాగే ఏడుస్తాడు.

అదే పుస్తకంలో సీరియల్ సరిదిద్దినదీ ఉంది. విల్లోబీ అనే చైనా పాత్రని గాబల్డన్ చాలావరకు నవ్వులపాలు చేశారు, చదువుతుంటే ఇబ్బందిగా ఉంటుంది. సీరియల్లో అతను చదువుకున్న మనిషి, తన బాధ తన నోటితో చెప్పుకుంటాడు. ఆ మార్పు అవసరమే.

అమెరికాకి ఓడెక్కాక తూకం పూర్తిగా తిరగబడుతుంది. ఇక్కడినుంచి ఇది యువతీయువకుల ప్రేమకథ కాదు, కాపురం కథ. చారిత్రక రొమాన్సులు మామూలుగా పెళ్ళితో ముగుస్తాయి. ఇది మాత్రం పెళ్ళయిన ముప్పై ఏళ్ళకి కూడా నడుస్తుంది. మోకాళ్ళ నొప్పులు, తగ్గుతున్న చూపు, పిల్లలతో గొడవలు, పాత కోపాలు, రాత్రి పక్కమీద గుసగుసలు. దీనికి కావాల్సింది సమయం. సీజన్‌కి పన్నెండు పదమూడు గంటలుంటే అందులో యుద్ధాలూ కిడ్నాపులూ పట్టడమే కష్టం. పైగా తెరమీద జేమీ, క్లెయిర్లకి నాలుగు తెల్లవెంట్రుకలు తప్ప వయసు రాదు.

ఐదో పుస్తకం ‘ద ఫైరీ క్రాస్’ దీనికి మంచి ఉదాహరణ. ఒక కొండమీద స్కాట్లందరూ గుమిగూడిన ఒక్క రోజు, వందకి పైగా పేజీలు నడుస్తుంది. వాన, ఆరని పసివాడి గుడ్డలు, వైద్యం కోసం క్యూ కట్టిన జనం, గవర్నర్ ప్రకటన, పెళ్ళిళ్ళు చేయాల్సిన ఫాదర్‌ని పట్టుకుపోవడం. ఏమీ జరగడం లేదని తిట్టుకుంటూనే చదివాను. కానీ ఆ తర్వాత ఆ ఊళ్ళో ఎవరికి ఏమైనా, మనవాళ్ళకి అయినట్టే ఉంది. సీరియల్ ఆ రోజుని దాటేసి, కూతురి పెళ్ళిని జేమీ ఎస్టేట్‌లో పెట్టి ఒక్క ఎపిసోడ్‌లో ముగించింది. చూడముచ్చటగా ఉంది, జనం మాత్రం జూనియర్ ఆర్టిస్టుల్లానే మిగిలారు.

మర్టా సంగతి మీద అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటారు. జేమీని కన్నకొడుకులా కాచుకున్న ఈ గాడ్‌ఫాదర్, పుస్తకంలో కల్లోడెన్‌లోనే చనిపోతాడు. సీరియల్ అతన్ని బతికించి, అమెరికా తీసుకొచ్చి, 1771 మే 16న జరిగిన అలమాన్స్ పోరులో చంపింది. డంకన్ లాక్రోయ్ నటన చూస్తే ఎందుకు వదులుకోలేకపోయారో అర్థమవుతుంది. అయితే దానివల్ల జేమీ ఒంటరితనం పలచబడింది. పుస్తకంలో ఆ అడవిలో అతని కుర్రతనం ఎరిగినవాళ్ళు క్లెయిర్ తప్ప దాదాపు ఎవరూ లేరు. ఆమె మీద అతను అంతగా ఆనుకోవడం అందుకే సహజంగా అనిపిస్తుంది. ఆ పోరులోనే అల్లుడు రోజర్‌ని ఉరితీస్తారు, బతుకుతాడు గానీ గొంతు పోతుంది. సీరియల్ దాన్ని పాత మూకీ సినిమా తరహాలో చూపించింది. తెలివైన ఆలోచన, నిజంగా. కానీ పాటగాడికి గొంతు పోతే ఎలా ఉంటుందో పుస్తకం వందల పేజీల పాటు వదలదు.

ఇంత చదివే తీరిక లేదంటే వినొచ్చు. డవీనా పోర్టర్ చదివిన ఆడియోబుక్స్ ఉన్నాయి, మొదటిదే ముప్పై గంటలు దాటుతుంది. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా రోజూ మెట్రోలో తిరిగేవాళ్ళకి ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు. స్కాటిష్ యాస పేజీ మీద చదవడానికి కొంత ఇబ్బంది, ఆవిడ గొంతులో ఇట్టే అర్థమవుతుంది. ఆరో సీజన్ కరోనా వల్ల ఎనిమిది ఎపిసోడ్లకే కుదించుకుపోయింది కాబట్టి, ఆ భాగం కథ మాత్రం చూడకుండా వినేయమంటాను.

ముగింపు కావాలనుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. తొమ్మిదో పుస్తకం 2021లో వచ్చింది, పదోది ఆఖరిదని గాబల్డన్ చెప్పారు. సీరియల్ ఆ పదో పుస్తకం కోసం ఆగకుండా ఎనిమిదో సీజన్‌తో తన దారిన తను ముగింపు చూసుకుంది. అంటే మీరు సీరియల్లో చూసే ముగింపు వేరు, ఆవిడ రాసేది వేరు కావచ్చు. పదో పుస్తకంతోనే ఈ కథ ముగియాలనుకుంటే ఆఖరి సీజన్ని ప్రస్తుతానికి పక్కనపెట్టి, ఈలోగా ఆదివారాలు ఆబిడ్స్‌లో ఆ రెండో పుస్తకం కోసం వెతుక్కోండి.