కారు లాక్ బీప్: ఆపేయడం కంటే తగ్గించుకోవడమే మేలు

నా కారు లాక్ శబ్దాన్ని గరిష్ఠం నుంచి సున్నా దాకా అన్ని స్థాయిల్లోనూ పెట్టి, ఒక్కో స్థాయిలో చాలాకాలం వాడి చూశాను. ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట ఇది. ఈ బీప్‌ను పూర్తిగా నోరు మూయించొద్దు, మీకు మాత్రమే వినిపించేంతకు తగ్గించుకోండి.

టయోటా కార్లు చాలావాటిలో ఈ శబ్దానికి 0 నుంచి 7 దాకా స్థాయిలుంటాయి. నా కారులోనూ అదే పద్ధతి, వచ్చినప్పుడు 5 మీద ఉంది. పగలు రద్దీ రోడ్డు పక్కన 5 కూడా ఒక్కోసారి వినపడదు. అదే స్థాయి రాత్రి పదకొండింటికి, నాలుగు గోడల మధ్య పార్కింగ్‌లో, ఇరుగుపొరుగు కిటికీలు తెరిచి పడుకున్న వేళ చెవుల్లో గుచ్చుకుంటుంది. భుజం మీద నిద్రపోతున్న పిల్లతో దిగినప్పుడైతే లాక్ బటన్ నొక్కాలంటేనే వెనకాడాల్సి వచ్చేది. అందుకే తగ్గించడం మొదలుపెట్టాను.

మార్చడం పెద్ద పనేమీ కాదు. బండి ఆపి, గేరు పార్కింగ్‌లో ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేసి స్క్రీన్ సెట్టింగ్స్‌లోకి వెళితే వాహనం అనే విభాగంలో డోర్ లాక్ కనిపిస్తుంది, స్థాయి అక్కడే. బండి నడుస్తుంటే ఈ మెనూ తెరుచుకోదు. స్క్రీన్ లేని పాత మోడళ్లలో సర్వీస్ సెంటర్‌లో స్కానర్ తగిలించి మార్చాల్సి ఉంటుంది. సర్వీసుకు ఇచ్చేటప్పుడే ఫలానా స్థాయి కావాలని రాయించండి. ఊరికే 'సౌండ్ తగ్గించండి' అంటే మొత్తానికే ఆపేసి ఇచ్చే అవకాశం ఉంది.

స్థాయి పరీక్షించేటప్పుడు కారు పక్కనే నిలబడి వినడం వల్ల ప్రయోజనం లేదు. మీరు రోజూ ఎక్కడికి నడిచాక బటన్ నొక్కుతారో అక్కడికి వెళ్లి నొక్కండి. నా కారులో బజర్ ముందు గ్రిల్ వెనక ఉంది. ముందునుంచి వెళితే 2 కూడా స్పష్టంగా వినిపిస్తుంది, డిక్కీ వైపు నుంచి వెళితే అదే 2 గాలికి కొట్టుకుపోతుంది. నేను ఎక్కువగా వెనకవైపు నుంచే నడుస్తాను కాబట్టి 3 దగ్గర ఆగాను. అప్పటినుంచి మళ్లీ మార్చాల్సిన అవసరం రాలేదు. రెండో తాళంతో లాక్ వేసినా అదే స్థాయి వస్తోంది, అంటే సెట్టింగ్ కారులోనే ఉంటోంది, తాళంలో కాదు.

ఇక సున్నా సంగతి. కొన్నాళ్లు అలాగే వాడాను, చాలా ప్రశాంతంగానే ఉంది. కానీ ఆ బీప్ నిజంగా ఒక కబురు. మనం బటన్ నొక్కితే రిమోట్ రేడియో సంకేతం పంపుతుంది. చాలా దేశాల్లో అది 433.92 మెగాహెర్ట్జ్, ఉత్తర అమెరికాలోనూ జపాన్‌లోనూ సాధారణంగా 315. అదే పౌనఃపున్యం మీద దగ్గర్లో ఎవరైనా జామర్ పెడితే మన సంకేతం కారుకు చేరదు. మనం నొక్కాం, కారు మాత్రం లాక్ కాలేదు. దొంగలు వాడే పాత పద్ధతే ఇది. తలుపు సరిగా పడకపోయినా, రిమోట్ బ్యాటరీ నీరసించినా జరిగేది అదే. ఒక బీప్ వచ్చిందంటే తలుపులకు లాక్ పడిందని, రెండు వస్తే లాక్ తెరుచుకుందని అర్థం. ఏమీ రాలేదంటే వెనక్కి వెళ్లి చూడాలని అర్థం. సున్నా మీద పెడితే ఆ చివరి కబురు మనకు అందదు.

ఇండికేటర్లు మెరుస్తాయి కదా అంటారు. మెరుస్తాయి, కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ మెరుపు ఎంత కనిపిస్తుందో చూడండి. లాక్‌తోపాటు అద్దాలు ముడుచుకునే కార్లకు ఆ గొడవ లేదు. ముడుచుకున్న అద్దం ఎంత దూరానికైనా తెలుస్తుంది. అలాంటి కారున్నవాళ్లు సున్నా పెట్టుకున్నా నేను కాదనను.

బజర్ బదులు అసలు హారన్‌నే మోగించే కార్ల కథ వేరు. హారన్ పక్కవాళ్ల మీద మోగడానికే పుట్టిన వస్తువు. ఐక్యరాజ్యసమితి 28వ నిబంధన ప్రకారం వాహనానికి బిగించిన హారన్ 7 మీటర్ల దూరంలో కనీసం 93 డెసిబెల్స్ ఉండాలి. దాన్ని క్షణంలో పదోవంతు మోగించినా అది బజర్‌లా మెత్తబడదు. ఇక్కడ హ్యుందాయ్, కియా మోడళ్లు కొన్నిటిలో ఉన్న పద్ధతి నాకు బాగా నచ్చింది. మొదటిసారి లాక్ నొక్కితే లైట్లే మెరుస్తాయి. 4 సెకన్లలోపు మళ్లీ నొక్కితేనే హారన్ ఒక్కసారి మోగుతుంది, అదీ మెనూలో హారన్ ఫీడ్‌బ్యాక్ ఆన్ చేసి ఉంటేనే. అనుమానం వచ్చినప్పుడు మాత్రమే శబ్దం అడిగి తెప్పించుకోవచ్చు. నా లెక్కలో స్థాయిల కంటే ఇది మంచి ఆలోచన.

బయట బిగించుకున్న అలారం వ్యవస్థల్లో చాలావాటికి సైరన్ స్థాయి మార్చే వీలుండదు, కాకపోతే రిమోట్ మీద విడిగా సైలెంట్ బటన్ ఉంటుంది. రాత్రిళ్లు దాన్ని వాడితే సరి.

ఒకటి మాత్రం దయచేసి చేయకండి. బజర్ మీద టేపు అంటించడం, హారన్ వైరు పీకేయడం లాంటి చిట్కాలు చాలామంది చెబుతారు. తాళం లోపలే మరిచిపోయి తలుపు మూసినప్పుడు ఆగకుండా అరిచి హెచ్చరించేది ఆ బజరే. ఎవరైనా అద్దం పగలగొడితే మోగాల్సింది ఆ హారనే. మెనూలో తగ్గిస్తే నా కారులో లాక్ బీప్ ఒక్కటే తగ్గింది, తాళం లోపల ఉందన్న హెచ్చరిక మునుపటి గట్టిదనంతోనే వస్తోంది. టేపు అంటిస్తే రెండూ మూగబోతాయి.

శబ్దాన్నే మార్చుకోవాలనే సరదా ఉన్నవాళ్లకు టెస్లాలో ఆ వీలుంది. బయటి స్పీకర్ ఉన్న మోడళ్లలో యూఎస్‌బీలో 'లాక్‌చైమ్' పేరుతో చిన్న వేవ్ ఫైల్ పెట్టి లాక్ శబ్దంగా ఎంచుకోవచ్చు. నాకు శబ్దం ఏదన్నది ముఖ్యం కాదు, ఎంత గట్టిగా అన్నదే ముఖ్యం.

ఇన్నేళ్లలో తీరని కొరత ఒకటుంది. పగలు 5, రాత్రి 2 అని వేళను బట్టి తనంతట తనే మారే సెట్టింగ్ నేను వాడిన ఏ కారు మెనూలోనూ కనపడలేదు. కారుకు టైము తెలుసు, చీకటి పడితే హెడ్‌లైట్లు తనే వేసుకుంటుంది. బజర్‌కు కూడా ఆ సమాచారం అందిస్తే చాలు. అది వచ్చేదాకా నా కారు 3 మీదే ఉంటుంది.