దెబ్బ ఎక్కడో చెప్పు, మందు నేను చూసుకుంటా: రస్ట్ కంపైలర్‌తో ఆరేళ్లు

ఇంజినీరింగ్ ల్యాబ్‌లో టర్బో సి అనే పాత కంపైలర్ (కోడ్‌ని యంత్రం నడిపే రూపంలోకి మార్చి, తప్పులుంటే చెప్పే ప్రోగ్రామ్) నీలం స్క్రీన్ మీద నేర్చుకున్నవాణ్ని. అది ముక్తసరి మనిషి. 12వ లైన్‌లో సెమికోలన్ మర్చిపోతే 13వ లైన్ చూపించి ‘స్టేట్‌మెంట్ మిస్సింగ్’ అనేది. ‘పై లైన్ చూడరా’ అని సీనియర్ చెప్పేదాకా సగం పీరియడ్ అయిపోయేది.

ఉద్యోగంలో సి++ తగులుకుంది. ఒకసారి std::list అనే జాబితాని తీసుకెళ్లి, వరసలో పెట్టే std::sort ఫంక్షన్‌కి ఇచ్చాను. తప్పు చిన్నదే: ఆ సార్ట్‌కి ఏ మూలకైనా ఒక్క గంతులో వెళ్లగల ఇటరేటర్ (జాబితాలో ఎక్కడున్నామో చూపే సూచిక) కావాలి, లిస్ట్ ఇటరేటర్ ఒక్కో అడుగే వేస్తుంది. నా సి++ కంపైలర్ జీసీసీ ఆ మాట చెప్పలేదు. నేనెప్పుడూ తెరవని stl_algo.h అనే లైబ్రరీ ఫైలు లోపలికి తీసుకెళ్లి, మైనస్ ఆపరేటర్ దొరకలేదంటూ చాంతాడంత సందేశం చదివింది. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది. నా ఫైలు పేరు మధ్యలో ఎక్కడో ఒక్క లైన్‌లో ఉంది. వివరం తక్కువై కాదు, నాది కాని వివరం ఎక్కువై ఆ సాయంత్రం పోయింది.

అందుకే రస్ట్ భాషకి మారినప్పుడు ముందుగా నచ్చింది ఎర్రర్లే. ఇప్పటి రూపం 2016లో, 1.12 వెర్షన్‌తో వచ్చింది. ఎల్మ్ భాష నుంచి ప్రేరణ పొందామని రస్ట్ వాళ్లే చెప్పుకున్నారు. అందరూ ముందుగా తినే దెబ్బ E0382 నంబరు ఎర్రర్. వెక్టర్‌ని (విలువల వరసని) ఒక ఫంక్షన్‌కి ఇచ్చేసి, కింద మళ్లీ వాడతాం. రస్ట్ నా కోడ్‌నే ముద్రించి రెండు చోట్ల గీత గీస్తుంది: విలువ ఇక్కడ చేతులు మారింది, ఆ తర్వాత ఇక్కడ వాడావు. తప్పు ఒక లైన్‌లో ఉండదు, రెండు లైన్ల మధ్య ఉంటుంది. ఆ రెండో చోటు చూపించడమే నా దృష్టిలో అసలైన వివరం. ఎసింక్ కోడ్‌లో (ఒక పని ఆగినప్పుడు మరో పని చూసుకునే కోడ్) ఇది ఇంకా బాగా పనికొస్తుంది. ఫ్యూచర్‌ని (ఇంకా పూర్తికాని పనిని) వేరే థ్రెడ్‌కి పంపలేనంటూ ఆగిపోకుండా, ఏ విలువని పట్టుకుని ఏ అవెయిట్ (పని ఆగే చోటు) దాటుతున్నానో వేలు పెట్టి చూపిస్తుంది. అది లేకపోతే నేను ఒక రోజంతా వెతుక్కునేవాణ్ని.

పేచీ సలహాల దగ్గర. అదే E0382 కింద ‘ఖర్చు ఫర్వాలేదనుకుంటే క్లోన్ చేసుకో’ (అంటే కాపీ తీసుకో) అని .clone() అక్షరాలు పచ్చరంగులో వడ్డించి పెడుతుంది. రిలీజ్ టెన్షన్‌లో నేను అలాగే అతికించాను, ఒకచోట కాదు, లూపు లోపల కూడా. కంపైల్ అయింది, టెస్టులు పాసయ్యాయి. తర్వాత ప్రొఫైలర్ పెట్టి చూస్తే ప్రోగ్రామ్ టైమంతా కాపీలకే పోతోంది. అక్కడ కావలసింది ఒక్క & గుర్తు, అంటే విలువని ఇచ్చేయకుండా అరువివ్వడం. తమాషా ఏమిటంటే, ఫంక్షన్ పారామీటర్‌ని బారోగా (అరువుగా) మార్చుకోవచ్చు కదా అని అదే ఎర్రర్‌లో ఒక నోట్ ఉంది. నేను చదవలేదు. పచ్చగా కనిపించిందే చదివాను. తప్పు నాదే, కాదనను. కానీ పది లైన్ల సందేశంలో కంటికి ముందు ఆనేది ఏదో నిర్ణయించింది కంపైలరే కదా!

ట్రెయిట్ (టైపుకి ఉండాల్సిన సామర్థ్యం) ఎర్రర్లు మరో రకం. ఈ ట్రెయిట్ ఉన్న వేరే టైపులు ఇవి అని జాబితా చదివి, ఇంకా ఇన్ని ఉన్నాయంటుంది. టైపు పేరు మరీ పొడుగైతే విడిగా టెక్స్ట్ ఫైల్‌లో రాసిపెట్టానంటుంది. ఆ ఫైలు నేను తెరిచింది రెండుసార్లు, అదీ కుతూహలం కొద్దీ.

ఇప్పుడు నా అలవాటు ఇది. రోజువారీ పనికి, కోడ్‌ని తనిఖీ చేసే cargo check --message-format short కమాండ్ పెట్టుకున్నా, ఎర్రర్‌కి ఒకే లైన్ వస్తుంది. నేను రాసిన కోడే కాబట్టి చాలాసార్లు అది చాలు. చాలకపోతే పూర్తి రూపం చూస్తాను. ఎర్రర్ నంబర్ కొత్తదైతే rustc --explain కొడతాను, నెట్ లేకున్నా చిన్న ఉదాహరణతో పాఠం చెబుతుంది. టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు మాత్రం షార్ట్ పెట్టనివ్వను, పూర్తిగా చదవమంటాను. సలహా లైన్ మాత్రం చివర్లో చూడమంటాను.

ఐదుకి నాలుగు స్టార్లు. తగ్గించిన ఆ ఒక్కటీ లూపులో పెట్టిన క్లోన్‌కి.