ఇంగ్లీషు దిద్దే సాఫ్ట్‌వేర్: ఏడాది వాడిన తరువాత

గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేసే ఒక కార్యాలయంలో విదేశీ కొనుగోలుదారులకు వెళ్లే ఉత్తరాలు రాయడం నా పని. ఇంగ్లీషు వ్యాకరణాన్ని, విరామ చిహ్నాలను సరిచూసే సాఫ్ట్‌వేర్‌కు నిరుడు ఏడాది చందా కట్టాను. దాని పేరు చెప్పడం లేదు. కింద రాసిన లోపాలు అది ఒక్కటే చేస్తుందని నేను అనుకోవడం లేదు.

ముందు దానికి దక్కవలసిన మెప్పు. ఏ, యాన్, ద అనే ఉపపదాలు మన భాషలో లేవు కనుక ఎన్నేళ్లు రాసినా ఎక్కడో ఒకచోట జారిపోతాయి. ఈ సాఫ్ట్‌వేర్ వాటిని వదిలిపెట్టదు. అవర్ ముందు యాన్, యూనివర్సిటీ ముందు ఏ ఎందుకు రావాలో అది పెద్ద వివరణే ఇస్తుంది గానీ, తెలుగువారికి అంత అవసరం లేదు. ఆ మాటను తెలుగు లిపిలో రాసినప్పుడు మొదటి అక్షరం అచ్చయితే యాన్, హల్లయితే ఏ. ఎమ్మెల్యే, ఎఫ్ఐఆర్ అన్నప్పుడు యాన్. యూరోపియన్, వన్ వే అన్నప్పుడు ఏ. ఇయర్, ఈస్ట్ పొడి వంటి మాటలు ఈ కిటుకును కూడా బోల్తా కొట్టిస్తాయి, ఎందుకంటే మనం అచ్చుతో రాసినా ఇంగ్లీషువారు వాటిని యకారంతో మొదలుపెడతారు. యం.యల్.ఏ., యస్.యస్.సి. అని రాసే పాత అలవాటున్నవారికి ఈ కిటుకును సిఫారసు చేయలేను.

కామాల విషయంలోనూ పనితనం బాగుంది. జాబితాలో చివరి మాటకు ముందు, అండ్ లేదా ఆర్ దగ్గర, కామా పెట్టాలా వద్దా అన్నది ఇంగ్లీషులో ఎడతెగని తగవు; దానికి ఆక్స్‌ఫర్డ్ కామా అని పేరు కూడా ఉంది. మనకు ఈ బాధ లేదు, కాయలూ కారమూ గింజలూ అని చివరి అచ్చును సాగదీస్తే సరిపోతుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ చట్టం మినహాయింపుల జాబితాలో ఆ ఒక్క కామా లేకపోవడం వల్ల, పాల ఉత్పత్తులు సరఫరా చేసే డ్రైవర్లు ఆ మినహాయింపు కిందికి వస్తారో రారో తేలక, 2017లో అప్పీలు కోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. మా ఒప్పందాల్లో సరుకుల జాబితా కనబడినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ ఆ కామాను అడుగుతుంది, నేను మారు మాట్లాడకుండా పెట్టేస్తాను.

చిక్కంతా వ్యాకరణం సరిగ్గా ఉండి అర్థం తప్పే చోట వస్తుంది. ఒక కొనుగోలుదారు పంపిన బిల్లులో ఒక అంకె అర్థం కాక, ఐ హావ్ ఏ డౌట్ అబౌట్ యువర్ ఇన్వాయిస్ అని రాశాను. సాఫ్ట్‌వేర్ పచ్చ గుర్తు ఇచ్చింది. మనకు డౌటు అంటే అడిగి తెలుసుకోవలసిన విషయం. అవతలి మనిషి మాత్రం తన బిల్లునే నమ్మడం లేదని అర్థం చేసుకుని, ఎంతో ముభావంగా జవాబు రాశాడు. నేను క్వశ్చన్ అని రాసి ఉంటే ఆ ఇబ్బంది ఉండేది కాదు. 2009లో డిగ్రీ పూర్తయిందని చెప్పడానికి పాస్డ్ అవుట్ అని రాసినా ఇదే తీరు: మనవాళ్లు పట్టా చేతికొచ్చిందనుకుంటారు, అమెరికావాళ్లు స్పృహ తప్పిందనుకుంటారు, సాఫ్ట్‌వేర్ మాత్రం ఏమీ అనుకోదు.

తప్పు కాని చోట ఎర్రగీత గీయడం దీనికి మించిన ప్రమాదం. ఓడ తేదీ ముందుకు జరిగిందని తెలియజేయడానికి ప్రీపోన్డ్ అని రాస్తే, దాని కింద గీత గీసి పోస్ట్‌పోన్డ్ అని మార్చమంది. ప్రీపోన్‌కు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లో ఎప్పుడో చోటు దొరికింది. తొందరలో ఆ సూచన మీద నొక్కి ఉంటే, నాలుగు రోజులు ముందు చేరే సరుకు ఆలస్యమవుతుందని కొనుగోలుదారుకు తెలియజేసినవాడిని అయ్యేవాడిని. అర్థాన్ని తలకిందులు చేసే మాటను సూచించేటప్పుడు కనీసం ఒక హెచ్చరికైనా చూపకపోవడాన్ని నేను చిన్న లోపంగా లెక్కించను.

కర్మణి వాక్యం కనబడినప్పుడల్లా అది గొణగడం మాత్రం నాకు నవ్వు తెప్పిస్తుంది. తెలుగులో చేయబడినది, పంపబడినది అని రాస్తే ఇంగ్లీషు వాసన వస్తోందని పెద్దలు చీవాట్లు పెట్టేవారు. ఇప్పుడు ఇంగ్లీషులో రాసినా ఆ చీవాట్లు తప్పడం లేదు.

వచ్చే నెలతో చందా గడువు తీరుతుంది. ఉపపదాలు, కామాలు సరిచూడడం ఉచిత రకంలోనూ ఉంది కనుక డబ్బు కట్టి పొడిగించుకోవడం లేదు. డౌట్, పాస్ అవుట్, ప్రీపోన్ వంటి మాటలతో ఒక పట్టీ రాసి నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. నిన్న దానిలో ఓన్లీ కూడా చేరింది. సరుకు ఇక్కడే ఉంది అని చెప్పబోయి, ద స్టాక్ ఈజ్ హియర్ ఓన్లీ అని రాశాను, సాఫ్ట్‌వేర్ దానికీ పచ్చ గుర్తే ఇచ్చింది.