లారీకి ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీటరు: మీటరు బంగారం, దాంతో వచ్చిన టైమరు దండగ

లోడుతో ఘాట్లు ఎక్కే డీజిల్ లారీకి, ఇంజన్ వదిలే పొగ ఎంత వేడిగా ఉందో చూపించే ఈ మీటరు పెట్టించుకోండి. ఐదుకి నాలుగున్నర ఇస్తా. అదే డబ్బాలో వచ్చే ఆటో టైమరుకి మాత్రం ఒకటి ఇవ్వడం కూడా ఎక్కువే.

డబ్బాలో ఉండేవి ఇవి: డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునే 52 మిల్లీమీటర్ల డిజిటల్ మీటరు, పొగ దారిలోకి దిగి వేడి కొలిచే కె టైప్ ప్రోబు (సన్నటి లోహపు పుల్ల), దాని వైరు, బజరు, కీ తీసేశాక కూడా ఇంజన్‌ని కాసేపు నడిపించే టైమరు పెట్టె.

డ్యాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు ఉండగా ఇంకో మీటరు దేనికని మా కుర్రాడు అడిగాడు. ఆ ముల్లు చూపించేది నీళ్ళ వేడి. థర్మోస్టాట్ ఉన్నదే ఆ వేడిని 85, 90 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి. ఘాటు ఎక్కుతున్నా, చదును రోడ్డు మీద ఖాళీగా పోతున్నా ముల్లు ఇంచుమించు అక్కడే ఉంటుంది. పొగ ఊపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో పడే కష్టం దానికి తెలీదు. ఫుల్ లోడు మీద ఎక్కుతున్నప్పుడు టర్బోలోకి దూరే పొగ 600 డిగ్రీలు దాటుతుంది. లోపలి షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల లెక్కలో తిరుగుతుంది, అదీ పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ. ఆ స్థితిలో కీ తిప్పి ఆపేస్తే ఆయిల్ పంపు ఆగిపోతుంది. ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మ్యానిఫోల్డ్‌లో, ఆ పొగకి తిరిగే టర్బైన్ చక్రం గూటిలో ఉన్న వేడేమో మెల్లగా బేరింగు వైపు పాకుతుంది. అక్కడ నిలిచిపోయిన ఆయిల్, కాలిన పెనానికి అంటుకున్న నూనెలా నల్లగా అట్టకడుతుంది. ఇలా కొన్నాళ్ళు జరిగితే ఆయిల్ దారి సన్నబడి, బేరింగు అరిగి, సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలవుతుంది. బేరింగు చుట్టూ నీళ్ళు తిరిగే టర్బోలకి ఈ బాధ కొంత తక్కువే కానీ పూర్తిగా తప్పదు.

అందుకే ఆపేముందు 3 నుంచి 5 నిమిషాలు స్లోలో, అంటే బండి నిలబెట్టి యాక్సిలేటర్ తొక్కకుండా ఇంజన్‌ని నడవనిస్తూ, వదలమని ఇంజన్ పుస్తకాల్లో రాస్తారు. మంచి మాటే. కానీ ఆ 5 నిమిషాలు ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కర్లేదు అన్నది గడియారం చెప్పలేదు. మీటరు చెప్తుంది.

ఘాటు పైకి చేరగానే బండి పక్కకి తీసి స్లోలో పెట్టి చూడండి. అంకె మొదట దబదబా పడిపోతుంది. 600 ఉన్నది కాసేపట్లో 300కి దిగుతుంది. అక్కడి నుంచి బద్ధకం మొదలు. 260, 240, 230... మొదట పడింది పొగ వేడి. కాలు తీయగానే డీజిల్ తగ్గింది, పొగ చల్లబడింది. తర్వాత మెల్లగా దిగేది ఇనుము వేడి. కాలి ఉన్న మ్యానిఫోల్డ్ తన వేడిని పొగకి ఇస్తూ ఉంటుంది కాబట్టి అంకె తొందరగా దిగదు. అంకె 300కి పడగానే చల్లబడిందనుకుని ఆపేసేవాళ్ళు ఈ రెండో భాగాన్నే వదిలేస్తున్నారు. నేను 180 కిందకి వచ్చి, అక్కడ నిలకడగా కనిపించేదాకా ఆపను.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. చివరి కొన్ని కిలోమీటర్లు ట్రాఫిక్‌లో పాక్కుంటూ వచ్చారనుకోండి, బండి నిలబెట్టేసరికే అంకె 170 దగ్గర ఉంటుంది. అప్పుడిక ఆగడం దేనికి? వెంటనే ఆపేయొచ్చు. మా కుర్రాడు ఇప్పుడు అడిగే ప్రశ్న కూడా మారింది. ఇదివరకు "అన్నా, ఎంతసేపు ఉంచాలి?" అనేవాడు. ఇప్పుడు "అన్నా, 180కి వచ్చింది, ఆపేయనా?" అంటున్నాడు.

స్లోలో పెడితే అసలు చల్లబడటం ఏమిటని కొందరికి అనుమానం. డీజిల్ ఇంజన్ గాలిని దాదాపు పూర్తిగానే పీల్చుకుంటుంది, స్లోలో పడే డీజిల్ మాత్రం చుక్కంత. అంత గాలిలో అంత చిన్న మంట కాబట్టి పొగ చల్లగా వస్తుంది. ఆ గాలే టర్బైన్‌ని చల్లారుస్తుంది, ఆయిల్ బేరింగుని చల్లారుస్తుంది. అదే కారణాన గంటల తరబడి స్లోలో వదిలేయడం కూడా చెడ్డదే. సిలిండరు చల్లబడిపోయి డీజిల్ సరిగ్గా కాలదు, మసి పడుతుంది, కాలని డీజిల్ గోడల మీంచి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండికి ఆ మసే గొంతుకి అడ్డం. పెద్ద ఇంజన్ ఊరికే నిలబడి గంటకి 2, 3 లీటర్లు తాగడం సరేసరి.

ఆపేముందు యాక్సిలేటర్ ఒక్క తొక్కుడు తొక్కి, బుయ్యిమని రేసు చేసి కీ తిప్పే అలవాటు ఒకటుంది. పాత డ్రైవర్లలో ఎక్కువ. టర్బో బతికున్న ఇంజన్ మీద అంతకన్నా పగ తీర్చుకునే పద్ధతి ఇంకోటి లేదు. షాఫ్ట్ జోరందుకున్న క్షణంలోనే ఆయిల్ ఆగిపోతుంది.

ఎక్కేటప్పుడు కూడా మీటరు పనికొస్తుంది, నిజానికి ఇంకా ఎక్కువ. పెద్ద గేరులో ఇంజన్‌ని మూలిగిస్తూ ఎక్కిస్తే అంకె పైపైకి పోతుంది. ఒక గేరు దించితే ఇంజన్ వేగం పెరిగి, గాలి ఎక్కువై, అంకె దిగొస్తుంది. ఎప్పుడూ ఎక్కే రోడ్డు మీద, అదే లోడుకి, అంకె మామూలు కన్నా ఎక్కువ చూపిస్తుంటే ఎయిర్ ఫిల్టర్ పూడిందేమో, టర్బో నుంచి వచ్చే గొట్టం ఎక్కడైనా గాలి వదులుతోందేమో చూడాలి.

బిగించడం దగ్గరే అసలు తిప్పలు. ప్రోబు కోసం మ్యానిఫోల్డ్‌కి బెజ్జం వేసి మర తీయాలి. ఆ ఇనప రజను లోపల ఒక్క పలుకు మిగిలినా టర్బైన్ రెక్కలకి తగులుతుంది. ఇంజన్ నడుస్తుండగా బెజ్జం వేస్తే పొగే రజనుని బయటికి ఊదేస్తుందని కొందరు మెకానిక్‌లు అంటారు. నేను ఒప్పుకోలేదు, టర్బో విప్పించాకే డ్రిల్లు పెట్టనిచ్చా. టర్బో దాటాక పైపులో పెడితే ఈ భయం లేదు కానీ లోడు మీద అక్కడి అంకె 100 డిగ్రీలకు పైగానే తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఆ వేడిలో కొంత టర్బైన్ తిప్పడానికే ఖర్చయిపోయింది. స్లోలో మాత్రం రెండు చోట్లా పెద్ద తేడా ఉండదు. ఇంకొకరి బండిలో అంకెతో మీ అంకెని పోల్చేముందు వాళ్ళ ప్రోబు ఎక్కడుందో అడగండి.

వైరు సంగతి డబ్బాలో కాగితం సరిగ్గా చెప్పదు. ప్రోబులో రెండు వేర్వేరు లోహాల తీగలు కలుస్తాయి, వేడికి అక్కడ అతి చిన్న కరెంటు పుడుతుంది, డిగ్రీకి 40 మైక్రోవోల్టుల లెక్కన. పొడవు చాల్లేదని మధ్యలో మామూలు రాగి వైరు అతికిస్తే అంకె తప్పుతుంది, కె టైప్ వైరే వాడాలి. మా లారీ క్యాబిన్ ముందుకి వంగేది. వైరు బిర్రుగా లాగి కడితే క్యాబిన్ ఎత్తిన మొదటి రోజే తెగుతుంది, కీలు దగ్గర వదులుగా ఒక చుట్టు వదలాలి. వాళ్ళిచ్చిన పొడవు దానికి చాలీచాలకుండా ఉంది.

మార్కు తగ్గింది ఎక్కువగా రాత్రి వెలుతురుకి. తగ్గించే బటన్ లేదు. నీలం అంకెలు అద్దంలో పడి కళ్ళలో పొడుస్తుంటే పైన నల్ల ఫిల్మ్ అంటించా. బజరు మోత ఘాటులో ఇంజన్ హోరుకి ఎటూ వినపడదు.

ఇక టైమరు. కీ తీసి దిగిపోతే ఇంజన్ తనంతట తాను నడిచి, పెట్టిన నిమిషాలు కాగానే ఆగుతుంది. వినడానికి బాగుంది. కానీ అది లెక్కపెట్టేది నిమిషాలే, వేడిని కాదు. పక్కనే మీటరు ఉన్నా దాని మాట వినదు. పైగా క్యాబిన్‌లో మనిషి లేకుండా అంత పెద్ద బండి నడుస్తూ ఉండటం నాకు నచ్చదు. పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం ట్యాంకు ఉన్న బండ్లలో ఇంజన్ ఆగాక పైపుల్లోని ద్రవాన్ని పంపు వెనక్కి లాక్కోవాలి, ఆ తర్వాతే బ్యాటరీ మెయిన్ స్విచ్ తీయాలి. టైమరు పెట్టుకుని దిగి వెళ్ళిపోయినవాడు అదెప్పుడు తీస్తాడు? ఈసీఎం (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఉన్న ఇంజన్ ఇగ్నిషన్ వైర్లు కోసి అతికించడం ఇంకో తలనొప్పి. నేను ఆ పెట్టె బిగించనేలేదు.

మీటరుకి తెలియనిది ఒకటుంది. డీపీఎఫ్ రీజెనరేషన్, అంటే ఫిల్టర్‌లో పట్టిన మసిని కాల్చేయడం, జరుగుతున్నప్పుడు టర్బో దగ్గర అంకె మామూలుగానే ఉండొచ్చు, వెనక ఫిల్టర్ దగ్గర 600 డిగ్రీలు కాలుతుండొచ్చు. ఈ అంకె చూసి ఎండుగడ్డి మీద బండి పెట్టకండి. రీజెన్ లైటు వెలుగుతుంటే అది పూర్తయ్యేదాకా ఆపకండి.

తక్కువ బరువుతో చదును రోడ్ల మీదే తిరిగే బండికి ఇది అక్కర్లేదు, ఆ డబ్బు పెట్టి ఆయిల్, ఫిల్టర్లు వేళకి మార్పించుకోండి. ఘాటు బండికి కొనేటట్లయితే ప్రోబు విడిగా దొరికే రకమే తీసుకోండి. కొన కాలి బలహీనపడేది ప్రోబే, అది విరిగితే నేరుగా పడేది టర్బైన్‌లోనే. సన్న ప్రోబు అంకెని తొందరగా చూపిస్తుంది, లావుది ఎక్కువకాలం ఉంటుంది. నేను 3 మిల్లీమీటర్లది పెట్టించి, సర్వీసుకి వెళ్ళినప్పుడల్లా విప్పించి చూస్తున్నా.